నాజూకు లాప్‌టాపూ, చుక్క పోయిన థ

ముందు ఆ మధ్య ఒక క్లయింటు ఆఫీసులో జరిగిన భాగోతం చెప్తాను. తిట్లు తర్వాత.

కన్సల్టెంటు బతుకు తెలిసిందే కదా. సోమవారం కోడి కూయకముందే లేచి విమానం ఎక్కడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం, మధ్యలో నాలుగు రోజులూ ఎవరో ఒకరి కాన్ఫరెన్సు గదిలో మన గొప్పలు మనమే బొమ్మలేసి చూపించుకోవడం. ఆ రోజు బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు. గోడకి పెద్ద టీవీ. బల్ల మధ్యలోంచి ఒక హెచ్‌డీఎంఐ తీగ తల బయటపెట్టి నాకేసి చూస్తోంది. నా చేతిలో మా కంపెనీ కొత్తగా ఇచ్చిన లాప్‌టాపు. ఆత్రేయపురం పూతరేకులా ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే విరుగుతుందేమో అనిపిస్తుంది. ఎడం పక్క రెండు బుల్లి కన్నాలు, కుడి పక్క హెడ్‌ఫోనుకి ఒకటి. అంతే సంగతులు. తీగ ఉంది, టీవీ ఉంది, లాప్‌టాపు ఉంది, కలిపే దారి లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని!

అడాప్టరు లేదా అంటారా? ఉంది. హోటలు గదిలో, మంచం పక్కన బల్ల మీద. ఒకాయన పాపం తన అడాప్టరు ఇచ్చాడు. అది చార్జింగు చేస్తుంది కానీ బొమ్మ పంపదట. చివరికి వాళ్ళ సపోర్టు కుర్రాడు ఇటుకలాంటి పాత లాప్‌టాపు ఒకటి పట్టుకొచ్చి, "పెన్‌డ్రైవులో వేసివ్వండి" అన్నాడు. పెన్‌డ్రైవు జేబులోనే ఉంది. పెట్టడానికి నా దాంట్లో కన్నం లేదు. మెయిల్లో పంపి, అది వచ్చి, తెరుచుకునేసరికి పదిహేడు నిమిషాలు. ఎనిమిది మందికి పదిహేడేసి నిమిషాలు అంటే రెండు గంటల పదహారు నిమిషాలు. గంటల లెక్కన డబ్బు పుచ్చుకునేవాణ్ణి కాబట్టి ఇలాంటి లెక్కలు నాకు వద్దన్నా వస్తాయి.

తర్వాత మా మేనేజరుతో ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "కానీ ఎంత సన్నగా ఉందో చూడు!"

ఈ వ్యాసం ఆ ఒక్క ముక్క మీద. లాప్‌టాపులో మందం, కన్నాలు, తెర అని మూడున్నాయి. మూడూ ఒకేసారి దొరికితే మంచిదే. దొరకనప్పుడు వదులుకోవాల్సింది సన్నదనాన్ని. మనం మాత్రం పదిహేనేళ్ళకి పైగా సన్నదనాన్ని గట్టిగా పట్టుకుని మిగతా రెండిట్నీ గాలికొదిలేస్తున్నాం. ఆ తప్పు నేనూ చేశాను. దానికి మా నాన్నగారు రెండేళ్ళు మూల్యం చెల్లించారు. ఆ సంగతీ చెప్తాను.

సన్నదనాన్ని సమర్థించేవాళ్ళు మొదట చెప్పే మాట, "మొయ్యడానికి తేలిగ్గా ఉంటుంది కదా" అని. ఇక్కడే ఉంది అసలు మోసం. భుజానికి తెలిసేది బరువు. మందం భుజానికి తెలియదు. పదిహేను మిల్లీమీటర్ల లాప్‌టాపుని సంచీలోంచి తీసి పద్దెనిమిది మిల్లీమీటర్లది పెడితే మీ భుజం కనిపెట్టగలదా? అరకిలో ఎక్కువైతే మాత్రం ఎయిర్‌పోర్టులో రెండో టెర్మినలు చేరేలోపే కనిపెడుతుంది. తేలిక వేరు, నాజూకు వేరు. అమ్మేవాళ్ళు రెండిట్నీ కలిపి ఒకే ముద్ద చేసి మనకి తినిపించారు.

నమ్మకం లేకపోతే 2008కి వెళ్దాం. ఆ జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితం కవరులోంచి మాక్‌బుక్ ఎయిర్ బయటికి తీశాడు. లోకమంతా నోరు తెరుచుకుని చూసింది. నేనూ చూశాను, అబద్ధమెందుకు? మూడు పౌన్ల బరువు. అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు, బాగా లావున్న చోట 19.4. యూఎస్‌బీ కన్నం ఒక్కటి. నెట్‌వర్కు తీగకి చోటు లేదు, డీవీడీ లేదు, బాటరీ మనం మార్చుకోలేం. తెర 1280 బై 800. మరుసటి నెలలోనే లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్300 వచ్చింది. దానికీ తెర 13.3 అంగుళాలే, కానీ 1440 బై 900. యూఎస్‌బీలు మూడు, నెట్‌వర్కు తీగకి చోటు, ప్రొజెక్టరుకి వీజీఏ, ఊడదీసి మార్చుకునే బాటరీ, కావాలంటే డీవీడీ డ్రైవు కూడా. బరువో? డీవీడీ లేకుండా తీసుకుంటే అదీ మూడు పౌన్ల దగ్గరే. లావున్న చోట 23 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే నాలుగు మిల్లీమీటర్ల తేడాలో అన్ని సదుపాయాలూ పట్టాయి. కానీ ఈవేళ ఆ ఎక్స్300 ఎవరికి గుర్తుంది? కవరులోంచి తీసింది మాత్రం అందరికీ గుర్తుంది. చక్కనమ్మ చిక్కినా అందమే అని ఊరికే అన్నారా!

సన్నదనం కొట్లో అమ్ముడుపోయే గుణం. అరలో పక్కపక్కన పెడితే కంటికి ఇట్టే ఆనుతుంది. కన్నాలు లేవన్న సంగతి ఇంటికెళ్ళాక తెలుస్తుంది. తెర బాగోలేదన్న సంగతి ఆరు నెలలు చదివాక, సాయంత్రం కళ్ళు మండుతుంటే తెలుస్తుంది. కొనేది పది నిమిషాల్లో, వాడేది ఐదేళ్ళు. పది నిమిషాల్లో కనపడే గుణం కోసం ఐదేళ్ళు వాడే గుణాలు తాకట్టు పెడుతున్నాం.

ఇక తెర సంగతి. ఈ తరం కుర్రాళ్ళకి చెప్తే నమ్మరు కానీ, 2003లోనే డెల్ ఇన్‌స్పిరాన్ 8500లో 15.4 అంగుళాల తెర మీద 1920 బై 1200 పిక్సెళ్ళు దొరికేవి. అంటే అంగుళానికి 147. సుమారు ఏడు పౌన్ల దుంగ అది, ఒప్పుకుంటాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే చలికాలంలో కుంపటి అక్కర్లేదు. 2004 నాటి ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42పీలో 15 అంగుళాలకి 1600 బై 1200, అంగుళానికి 133. ఆ తర్వాత మన పరిశ్రమ ఎంత ముందుకెళ్ళిందంటే, 2010 నాటికి ఏ కొట్టుకెళ్ళినా 15.6 అంగుళాల తెర మీద 1366 బై 768! అంగుళానికి 100. నిలువున 1200 గీతలుండే చోట 768. మూడో వంతుకి పైగా పోయాయి. ప్రోగ్రాములు రాసేవాడికీ, పేజీలు చదివేవాడికీ కావలసింది నిలువే. అదే కోసేశారు.

ఎందుకు కోశారు? తెరలు చేసే కంపెనీలు టీవీల కొలత అయిన 16:9కి మారాయి కాబట్టి. మూల నుంచి మూలకి అంగుళాలు అన్నే ఉన్నా, 16:10 తెర కన్నా 16:9 తెరకి గాజు సుమారు ఐదు శాతం తక్కువ పడుతుంది. పైగా "సినిమా తెర" అని గొప్పగా చెప్పుకోవచ్చు. ఆఫీసులో ఎక్సెల్ షీటు చూసుకునేవాడికి సినిమా తెర దేనికో ఎవరూ అడగలేదు. 2012లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అడిగాడు. నాలుగు వందల డాలర్ల టాబ్లెట్‌లో 2560 బై 1600 ఇవ్వగలిగినప్పుడు, లాప్‌టాపులు ఇంకా 1366 బై 768 దగ్గర ఎందుకు చతికిలబడ్డాయని దులిపేశాడు. అదే ఏడాది జూన్‌లో ఆపిల్ రెటీనా మాక్‌బుక్ ప్రో తెచ్చింది. 15.4 అంగుళాల్లో 2880 బై 1800. అది నిజంగా మేలు మలుపు, కాదనను. కానీ అదే యంత్రంలో మెమరీని బోర్డుకి అతికించేశారు, బాటరీని జిగురుతో అంటించేశారు, నెట్‌వర్కు కన్నం తీసేశారు. మంచి తెర కావాలంటే నాజూకు కూడా కట్నంగా పుచ్చుకోవాలన్నమాట.

"ఇంగ్లీషు చదవడానికి ఆ తెర చాల్లేవయ్యా" అనొచ్చు మీరు. ఇంగ్లీషుకి చాలునేమో. నా అసలు గొడవ తెలుగుతో.

ద రాయండి. దాని కింద చిన్న గీత పెట్టండి, ధ అవుతుంది. ఆ ధ కడుపులో ఒక చుక్క పెట్టండి, థ అవుతుంది. కథ అన్న మాట నిలబడేది ఆ చుక్క మీద. అంగుళానికి 100 పిక్సెళ్ళ తెర మీద ఒక్కో పిక్సెలు పావు మిల్లీమీటరు. వరుసకి పదహారు పిక్సెళ్ళ ఎత్తు ఇచ్చారనుకోండి, అందులోనే తలకట్టు, గుడి, అక్షరం, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు అన్నీ సర్దుకోవాలి. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద టవత్తు, దాని పక్కన రవత్తు. ఒకే గదిలో మూడు సంసారాలు. ఇంక థ కడుపులో చుక్కకి మిగిలేది ఒక్క పిక్సెలు కూడా కాదు, పక్కవాడితో పంచుకున్న బూడిద రంగు మరక. కికీ కీకీ తేడా, డకీ ఢకీ తేడా కూడా ఇంతే. పదిహేనేళ్ళ కింద విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో కుస్తీ పట్టినవాళ్ళకి ఈ బాధ వివరించక్కర్లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన ఫాంటు దించుకున్నాక, అక్షరాలు కాస్త పెద్దవి చేసుకున్నాక ప్రాణం లేచొచ్చేది. అంతర్జాలంలో "కథ"ని "కధ" అని రాశారని జనం ఒకరినొకరు పొడుచుకున్న రోజులున్నాయి. ఆ యుద్ధాల్లో సగం నేరం రాసినవాళ్ళది కాదు, చదివినవాళ్ళ తెరలది అని నా అనుమానం.

ఇప్పుడు మా నాన్నగారి సంగతి.

ఆయన దివిసీమలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి ఇరవయ్యేడేళ్ళు. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎవరెవరు పోయారో, మిగిలినవాళ్ళు ఎలా మిగిలారో రాసిపెట్టాలని ఆయన కోరిక. 2009లో నేను వెళ్ళినప్పుడు నా పాత ఐబీఎం లాప్‌టాపు ఆయనకిచ్చి, లేఖినిలో టైపు చెయ్యడం నేర్పి వచ్చాను. లావుది, బరువుది, ఫాను విమానంలా మోగేది. కానీ తెర 1600 బై 1200. రోజూ పొద్దున కాఫీ అయ్యాక అరపేజీ, ఓపికుంటే ముప్పావు పేజీ. ఎవరైనా ముసలాయన ఏదైనా గుర్తు చేసుకుంటే సైకిలు మీద వెళ్ళి అడిగి వచ్చి అది చేర్చేవారు. అలా నూరు పేజీల దాకా అయింది.

2017లో మళ్ళీ వెళ్తూ ఆయనకి కొత్త లాప్‌టాపు కొన్నాను. థాంక్స్‌గివింగు అమ్మకాల్లో ఒకే ధరకి రెండు కనిపించాయి. ఒకటి లావుగా, 1920 బై 1080 తెరతో. ఇంకోటి సన్నగా, వెండిరంగులో మిలమిలా మెరుస్తూ, 1366 బై 768 తెరతో. ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్లతో అన్నం తింటున్న నేను ఏది కొన్నానో వేరే చెప్పాలా? అమెరికా నుంచి కొడుకు తెచ్చాడంటే నలుగురూ చూసి మెచ్చుకునేలా ఉండాలి కదా! మెచ్చుకున్నారు కూడా. పక్కింటాయన చేతిలోకి తీసుకుని, "అట్టముక్కలా ఉందే!" అన్నాడు. పాతదాన్ని ఎవరికో ఇచ్చేయించాను.

2019లో వెళ్ళినప్పుడు బీరువాలో ఏదో వెతుకుతుంటే ఆ సన్న లాప్‌టాపు కనపడింది. శుభ్రంగా ఉతికిన తువ్వాలులో చుట్టి, పట్టుపంచల కింద. నాన్నగారిని అడిగితే, "బాగానే ఉందిరా, వేడెక్కదు" అన్నారు. ఇంకోసారి అడిగితే, "కరెంటు తక్కువ తింటుంది" అన్నారు. మూడోసారి అడిగాక నోరు విప్పారు. "అందులో థకీ ధకీ తేడా తెలియట్లేదురా. కొంచెం పక్కకి జరిగితే అక్షరాలే వెలిసిపోతున్నాయి. నేను తప్పు రాశానో, నాకు తప్పు కనపడుతోందో తెలియనప్పుడు ఎలా రాయమంటావు? నువ్వేమో అంత డబ్బు పోసి తెచ్చావు..."

ఆయన నలభై ఏళ్ళు పిల్లల నోటుబుక్కుల్లో దీర్ఘాలూ వత్తులూ దిద్దిన మనిషి. అక్షరం మీద అనుమానంతో వాక్యం ముందుకి నడపలేరు. అక్షరాలు పెద్దవి చెయ్యడం నేర్పాను. అప్పుడు తెర మీద ఎనిమిది వరుసలే పట్టాయి. పైన ఏం రాశారో చూడ్డానికి ఊరికే వెనక్కి జరపాలి. మర్నాడే విజయవాడ వెళ్ళి లావుపాటి లాప్‌టాపు ఒకటి కొన్నాను. 15.6 అంగుళాలు, 1920 బై 1080, పక్కనుంచి చూసినా రంగు వెలవని తెర. మళ్ళీ మొదలుపెట్టారు. కానీ ఆ మధ్యలో రెండేళ్ళు పోయాయి. ఉప్పెన రాత్రి గుడి అరుగు మీద నిలబడి బతికిన ముగ్గురిలో ఇద్దరు ఆ రెండేళ్ళలో పోయారు. వాళ్ళని అడగాలనుకున్న ప్రశ్నలు నాన్నగారి చిత్తుకాగితాల్లో అలాగే ఉన్నాయి.

అందుకే "సన్నగా ఉంది కదా" అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది.

సరే, కన్నాల దగ్గరికొద్దాం. సన్నం చెయ్యాలంటే కన్నాలు తీసెయ్యక తప్పదంటారు. నిజమేనా? కొలుద్దాం. పెన్‌డ్రైవు పెట్టే మామూలు యూఎస్‌బీ మూతి ఎత్తు 4.5 మిల్లీమీటర్లు. హెచ్‌డీఎంఐ మూతి కూడా ఇంచుమించు అంతే. కొత్తగా వచ్చిన టైప్-సీది సుమారు రెండున్నర. పదిహేను మిల్లీమీటర్ల లాప్‌టాపులో మూత మందం ఐదు తీసేసినా కింద పది మిగులుతుంది. అందులో నాలుగున్నర పట్టదా?

పడుతుందని ఆపిల్‌వాళ్ళే రుజువు చేశారు. 2016లో 15 అంగుళాల మాక్‌బుక్ ప్రోని 18 మిల్లీమీటర్ల నుంచి 15.5కి దించారు. హెచ్‌డీఎంఐ, కెమెరా కార్డు, మామూలు యూఎస్‌బీ అన్నీ తీసేసి నాలుగు టైప్-సీ కన్నాలూ, ఒక హెడ్‌ఫోను కన్నం మిగిల్చారు. బాటరీ 99.5 వాట్-అవర్ల నుంచి 76కి పడిపోయింది. బరువు అరపౌను తగ్గిన మాట నిజమే, కానీ ఆ అరపౌనులో బాటరీ వాటా కూడా ఉంది. ఇప్పుడు 2021కి రండి. అదే కంపెనీ 14 అంగుళాల మాక్‌బుక్ ప్రో తెచ్చింది. హెచ్‌డీఎంఐ తిరిగొచ్చింది. కార్డు కన్నం తిరిగొచ్చింది. చార్జింగుకి వేరే చోటు తిరిగొచ్చింది. మందం ఎంతో తెలుసా? 15.5 మిల్లీమీటర్లు! 2016లో "పట్టదు" అన్న మందంలోనే 2021లో పట్టేశాయి. మరి మధ్యలో ఐదేళ్ళు జనం సంచుల్లో అడాప్టర్లు ఎందుకు మోశారు?

సన్నదనం పిచ్చి కీబోర్డునీ వదల్లేదు. 2015లో పాత రకం కన్నా 40 శాతం సన్నమని చెప్పి సీతాకోకచిలుక మీటలు పెట్టారు. కాస్త ధూళి దూరితే మీట అంటుకుపోవడం, లేకపోతే ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు పడటం. 2018 జూన్‌లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 నవంబరులో 16 అంగుళాల యంత్రంతో పాత రకం మీటలకి తిరిగి వచ్చారు. 2022లో అమెరికాలో కోర్టు దావా 5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది, తప్పు ఒప్పుకోకుండానే అనుకోండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

టైప్-సీ వైపు న్యాయం కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. అది మంచి కన్నమే. తిరగేసి పెట్టినా పడుతుంది. ఒకే చార్జరుతో ఫోనూ, లాప్‌టాపూ రెండూ నడుస్తాయి. యూరపువాళ్ళు 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకీ, 2026 ఏప్రిల్ 28 నుంచి లాప్‌టాపులకీ అదే చార్జింగు కన్నం ఉండాలని చట్టం చేశారు. నేను చప్పట్లు కొడతాను. నా అభ్యంతరం టైప్-సీ ఉండటం మీద కాదు. అది ఒక్కటే ఉండటం మీద, పైగా రెండే ఉండటం మీద. ఒకటి చార్జరుకి పోతే మిగిలేది ఒకటి. ఇంకో తిరకాసు కూడా ఉంది. కన్నాలన్నీ చూడ్డానికి ఒకటే, లోపలి గుణాలు వేరు. ఒకదాంట్లో సెకనుకి 480 మెగాబిట్లే పోతాయి, ఇంకోదాంట్లో 40 గిగాబిట్లు పోతాయి. ఒకటి తెరకి బొమ్మ పంపుతుంది, ఒకటి పంపదు. పాతరోజుల్లో ఆకారం చూస్తే పని తెలిసేది. ఇప్పుడు జాతకం చూడాలి.

"అయితే ఒక హబ్బు కొనుక్కో" అనేది రెండో సలహా. మా బావగారికి నేనూ అదే చెప్పాను. ఆయన విజయవాడలో ఆడిటరు. మంచి సన్న లాప్‌టాపు కావాలని ఆయనే ముచ్చటపడి తెప్పించుకున్నారు. ఆయన వృత్తికి ప్రాణం డీఎస్సీ. టీచరు ఉద్యోగాల డీఎస్సీ కాదండోయ్, డిజిటల్ సంతకం. అది పెన్‌డ్రైవు లాంటి చిన్న టోకెన్‌లో ఉంటుంది, ఒక్కో క్లయింటుకి ఒక్కోటి. ఆయన సొరుగులో పేర్ల చీటీలు అంటించినవి డజన్ల కొద్దీ ఉంటాయి. ఆయన దగ్గరున్నవన్నీ పాత మూతివే. సెప్టెంబరు 30, ఆడిటు రిపోర్టుల గడువు, రాత్రి పదకొండు దాటింది. హబ్బు వదులైపోయి, సంతకం పడే క్షణానికి టోకెన్ మాయం. మళ్ళీ పెట్టడం, మళ్ళీ పిన్ను కొట్టడం, మళ్ళీ మాయం. నాకు ఇక్కడ మధ్యాహ్నం, ఆయన ఫోను. "ఏమోయ్, ఇంత డబ్బు పోసిన లాప్‌టాపు పక్కన ఈ తోక పట్టుకుని కూర్చున్నాను. దీనికన్నా మా గుమాస్తా డబ్బా నయం!" అన్నారు. చివరికి ఆ గుమాస్తా డబ్బాలోనే పని పూర్తయింది.

అసలు లెక్క చూస్తే ఆ తోకకి కూడా మందముంది, బరువుంది, ధర ఉంది. నా సంచీలో ఇప్పుడు ఒక హబ్బు, హెచ్‌డీఎంఐకి విడిగా ఒక ముక్క, నెట్‌వర్కు తీగకి ఇంకోటి, అవి మర్చిపోతానని ఇంట్లో ఇంకో జత. లాప్‌టాపు నాజూగ్గా ఉన్నమాట నిజమే, దాని సంసారమంతా నేను మోస్తున్నాను. ఇంట్లో చోటు లేదని సామాను వీధిలో పెట్టి, "మా ఇల్లు ఎంత విశాలమో చూడండి" అన్నట్టుంది.

"జనం అడిగిందే కంపెనీలు ఇస్తున్నాయి" అనేది చివరి వాదన. జనం ఎప్పుడడిగారు? ఆఫీసు లాప్‌టాపుల్ని ఎంచేది వాటిని వాడేవాళ్ళు కాదు. ఇంటికి కొనేవాళ్ళకి అరలో ఉన్నవాటిలోనే ఒకటి ఎంచుకోవాల్సిన గతి. అడిగే అవకాశం ఇచ్చినచోట ఏమైందో చూడండి. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ 13.5 అంగుళాల లాప్‌టాపు తెచ్చింది. తెర 2256 బై 1504, నిలువు బాగా ఉన్న 3:2 కొలత. మందం 15.85 మిల్లీమీటర్లు, బరువు 1.3 కిలోలు. నాలుగు గూళ్ళు ఉంటాయి, ఎవరికి కావలసిన కన్నం వాళ్ళు పెట్టుకోవచ్చు. మెమరీ మార్చుకోవచ్చు, బాటరీ మార్చుకోవచ్చు. అంటే సాధ్యమే. పెద్ద కంపెనీలకి చేతకాక కాదు, మనం గట్టిగా అడగక.

తెర విషయంలో కూడా అతి వద్దు. మంచి చూపున్న కన్ను అరమీటరు దూరం నుంచి పోల్చుకోగలిగేది అంగుళానికి 175 పిక్సెళ్ళ దాకా. 100 అంటే అన్యాయం. 13 అంగుళాల తెరలో 4కే పెట్టి 330 ఇవ్వడం కూడా డాబే, కంటికి తెలియదు సరికదా బాటరీ తాగేస్తుంది. 14 అంగుళాలకి 1920 బై 1200 అంటే 162, 2560 బై 1600 అంటే 216. ఆ మధ్యలో ఏది దొరికినా హాయి. ఈమధ్య 16:10 తెరలు మళ్ళీ వస్తున్నాయి, సంతోషం. 2003లో ఉన్న చోటికి ఇన్నాళ్ళకి చేరామన్నమాట.

కాబట్టి ఈసారి మీరు ఊరికి వెళ్తూ అమ్మానాన్నలకో, అత్తామామలకో లాప్‌టాపు కొంటుంటే, దాని పక్కభాగం సన్నదనాన్ని చూసి మురిసిపోకండి. అదే పక్కభాగంలో కన్నాలు లెక్కపెట్టండి. మామూలు యూఎస్‌బీ రెండన్నా ఉండాలి, హెచ్‌డీఎంఐ ఒకటి ఉండాలి. జిరాక్సు షాపువాడు ఇప్పటికీ పెన్‌డ్రైవే అడుగుతాడు. తర్వాత తెర మీద ఒక తెలుగు పేజీ తెరవండి. అక్షరాలు పెద్దవి చెయ్యకుండా, మామూలుగా కూర్చునే దూరంలో కూర్చుని, "కథ" అన్న మాట వెతకండి. థ కడుపులో చుక్క కనపడిందా, కొనండి. కనపడలేదా, అది ఎంత సన్నగా ఉన్నా, ఎంత మిలమిలలాడినా అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.

నాన్నగారు పోయిన వారం ఫోన్ చేశారు. ఉప్పెన తర్వాత మూడో రోజు దాకా వచ్చిందట రాత. లాప్‌టాపు ఎలా ఉందని అడిగాను. "లావుగా ఉంది, బరువుగా ఉంది. అక్షరాలు కనపడుతున్నాయిరా" అన్నారు.